ఇద్దరిలో ఎవరికి

ల్యాబ్ పక్క గది,
మార్చి

ఒసే అక్కా,

"హాయిగా ఫోన్ చేసుకోవచ్చు కదా, ఈ ఉత్తరాలేంటి" అని బావ నవ్వుతున్నాడని రాశావు. ఫోన్‌లో నీ గొంతు వింటే నాతో నేనే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందని ఆయనకు చెప్పు. రెండువైపులా ఒకే గొంతయితే ఎవరు చెప్పారో ఎవరు విన్నారో తేలదు. కాగితం మీదైతే నీవి కోడిగీతలు, నావి గుండ్రటి అక్షరాలు. కవలలుగా పుట్టిన మనం వేరువేరు మనుషులుగా కనిపించేది అక్కడొక్కచోటే.

నేనిక్కడ రోజంతా ఏం చేస్తానని అడిగావు కదా. మన నరాల చుట్టూ ఒక తొడుగు ఉంటుంది. మైలిన్ అంటారు. అది బాగున్నంతకాలం మెదడు పంపిన కబురు కాలికీ కంటికీ చకచకా చేరుతుంది. రోగాల మీద పోరాడటానికి మన నెత్తుట్లో టీ కణాలుంటాయి. కొందరిలో ఇవి ఆ తొడుగులోని ఒక ప్రొటీన్‌నే శత్రువనుకుని దాని మీద పడతాయి. తొడుగు ఊడిన చోట కబురు తడబడుతుంది, ఒక్కోసారి దారిలోనే ఆగిపోతుంది.

సొంత ప్రొటీన్‌ను అవి ఎలా గుర్తుపడుతున్నాయో కనిపెట్టడమే మా పని. టీ కణం ప్రొటీన్‌ను మొత్తంగా చూడలేదు. ఇంకో కణం దాన్ని తుంపి, ఒక ముక్కను దోసిట్లో పెట్టినట్టు పట్టుకుని చూపించాలి. టీ కణం వచ్చి ముక్కనూ దోసిలినీ కలిపి తడిమి చూస్తుంది. "ఇది నాకు తెలుసు" అనిపిస్తే మేలుకుని, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. జబ్బున్నవాళ్ళ నెత్తురు తెచ్చి, చిన్న గుంటలున్న పలకలో పోసి, ఆ ముక్క వేసి, ఎన్ని కణాలు మేలుకున్నాయో నేను చూస్తాను.

పోల్చుకోవడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నెత్తురు కూడా కావాలి. ఈ వారం ఎవరూ దొరక్క నేనే చెయ్యి చాపాను. సూది గుచ్చిన నర్సు "మీ నరాలు భలే కనిపిస్తాయమ్మా" అని మెచ్చుకుంది. మన ముఖాలకు దక్కని పొగడ్త మోచేతులకు దక్కింది. సగం వాటా నీది, తీసుకో.

చెల్లి


బేకరీ వెనక గది,
ఏప్రిల్

చెల్లెమ్మా,

పిండి చేతులతో చదివాను కాబట్టి నీ ఉత్తరం దోసిలి దగ్గర అతుక్కుపోయింది. ఊడదీసి మళ్ళీ చదివాను. ఒక్కటి మాత్రం బుర్రకెక్కలేదు. మా వీధి చివరి కుక్క నేనెవరో తెలియక మొరుగుతుంది. నీ కణాలేమో సొంతింటి మనిషిని గుర్తుపట్టి మరీ మొరుగుతాయంటావు. కరిచేటట్టయితే అది గుర్తుపట్టడం ఎలా అవుతుందే?

ఇక్కడ విశేషం ఒకటే. నిన్న ఒక పెళ్ళి కేకు మీద ఎర్ర గులాబీలు వేశాను. రంగు చాలనట్టనిపించి ఇంకాస్త, ఇంకాస్త కలిపాను. కేకు తీసుకెళ్ళడానికి వచ్చిన పెళ్ళికూతురి తండ్రి దాన్ని చూసి, "ఏమ్మా, పెళ్ళికి చేశారా, కొట్లాటకు చేశారా" అన్నాడు. మీ బావ కూడా "మరీ నెత్తురు రంగులా ఉంది" అన్నాడు. నాకు మాత్రం అది లేత గులాబీ రంగే. షాపువాడు నకిలీ రంగు అంటగట్టాడనుకుంటాను. పొయ్యి తలుపు మీది ఎర్రదీపం కూడా వెలవెలబోతోంది. మీ బావ బల్బు మార్చాడు. అయినా అంతే.

నీ నెత్తురు ఏమందో రాయి. సగం వాటా నాదన్నావు కదా.

అక్క


ల్యాబ్,
ఏప్రిల్ చివర

అక్కా,

క్షేమమేనా. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, అందుకే ముక్తసరిగా రాస్తున్నాను.

ఒక చిన్న సర్వేలాంటిది చేస్తున్నాం, ఊరికే. నీకెప్పుడైనా కాళ్ళు కారణం లేకుండా తిమ్మిరెక్కడం, మెడ వంచితే వీపులో జివ్వుమనడం, కన్ను మసకబారడం లాంటివి జరిగాయా? అమ్మకు అలాంటివేమైనా ఉండేవా? నీకు గుర్తున్నంతవరకు రాస్తే చాలు. కానీ తొందరగా రాయి.

కేకు సంగతి చదివి నవ్వుకున్నాను.

చెల్లి


బేకరీ వెనక గది,
మే

నీకెవరు చెప్పారు?

మీ బావ రాశాడా? ఆయనకే తెలియదే. తెలియదనే అనుకుంటున్నాను. ఎదురుగా ఉన్న మందుల షాపు అమ్మాయా? ఆమె దగ్గర కంటి చుక్కలు కొన్నానంతే, ఇంకేమీ చెప్పలేదు. సర్వే అట. అబద్ధమాడేటప్పుడు నువ్వు "ఊరికే" అంటావని నాకు తెలియదనుకున్నావా?

సరే, విను. కుడి కన్ను. రంగు డబ్బాలో ఏ మోసమూ లేదు. మొన్న ఎడమ కంట్లో నలక పడితే అరచేత్తో మూసుకుని కుడి కంటితో చూశాను. అరలోని టమోటాలు ఎండలో పడేసిన పాత గుడ్డల్లా ఉన్నాయి. చెయ్యి మార్చి కుడి కన్ను మూశాను, ఎర్రగా ఉన్నాయి. మళ్ళీ ఎడమ కన్ను మూశాను, పాత గుడ్డలు. అలా ఎంతసేపు ఆడానో. ఆ కన్ను పక్కకు తిప్పితే లోపల ఎవరో లాగినట్టు నొప్పి. పొయ్యి ముందు నిలబడితే దానికి పొగమంచు కమ్ముతుంది. బయటికొచ్చి గాలి తగిలేలా కూర్చుంటే తేటపడుతుంది. జబ్బయితే పొయ్యి దగ్గరే ఎందుకు రావాలి, గుమ్మం దాటగానే ఎందుకు పోవాలి? పని ఎగ్గొట్టడానికి నా ఒళ్ళే నాకు వేషాలు చూపిస్తోందేమో అనుకున్నాను.

పిండి చూద్దామని తల వంచితే మెడ నుంచి నడుం దాకా కరెంటు పాకుతోంది. పిండి కలిపే యంత్రంలో ఎర్తు పోయిందేమోనని ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఆయన యంత్రమంతా విప్పి, బిగించి, "ఏమీ లేదమ్మా" అని వెళ్ళిపోయాడు. ప్లగ్గు పీకేసి వంగి చూశాను. అయినా షాక్ కొట్టింది. అప్పుడు భయం వేసింది.

ఇప్పుడు చెప్పు. నా ఒంట్లో జరుగుతున్నది నీకెలా తెలిసింది?

అక్క


ల్యాబ్ మెట్ల మీద,
మే

అక్కా,

నాకేమీ తెలియదు. ఆ ప్రశ్నలు నీ గురించి కాదు, నా గురించి.

నా నెత్తురు పోసిన గుంటల్లో మేలుకున్న కణాలు జబ్బున్నవాళ్ళలో చాలామందికన్నా ఎక్కువున్నాయి. ఎక్కడో పొరబాటు పడ్డాననుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. అప్పటినుంచి నాకు నా ఒళ్ళంతా అనుమానమే. స్టూలు మీద కాలు మడుచుకుని కూర్చుంటే తిమ్మిరెక్కింది, ఇంకేముంది మొదలైందనుకున్నాను. కళ్ళజోడు తుడుచుకోక మసకగా కనిపిస్తే కంటి నరం పోయిందనుకున్నాను. మనిద్దరి ఒళ్ళూ ఒకటే కదా, నీలో ఏ గుర్తయినా ఉంటే నాకు రాబోయేది తెలుస్తుందని అడిగాను. నిన్ను అడిగింది కూడా నా కోసమే, చూడు.

ఎరుపు వెలిసిపోయినట్టు కనిపించడం ఈ జబ్బులో కంటి నరం దెబ్బతిన్నదనడానికి గుర్తు. పాఠం చెప్పమంటే నిద్రలో లేపినా చెబుతాను. నువ్వు పూసగుచ్చినట్టు రాసి పంపితే నవ్వుకున్నానట. వేడిలో పెరిగి చల్లబడగానే తగ్గడం కూడా దాని లక్షణమే. తొడుగు ఊడిన నరం వేడికి తట్టుకోలేదు. వేషం కాదు అక్కా, బద్ధకమూ కాదు.

బావకు చెప్పు. ఇవాళే నరాల డాక్టర్ దగ్గరికి వెళ్ళు. కంటి చుక్కలు అవతల పారేయి. నాకు వచ్చిందని నేను భయపడుతూ కూర్చుంటే అది నీ ఇంటి తలుపు తట్టింది. నాకేమీ అర్థం కావడం లేదు. వెళ్ళి రాయి. రాయడం కష్టమైతే బావతో రాయించు.

చెల్లి


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం,
మే చివర

చెల్లెమ్మా,

ఒక చేతికి సెలైన్ ఉంది, అందుకే అక్షరాలు మామూలుకన్నా ఘోరంగా ఉన్నాయి. అందులో స్టెరాయిడ్ కలిపారు. నోట్లో ఇనుప మేకు చప్పరిస్తున్నట్టుంది.

మీ బావకు చెప్పడానికి గొంతు సవరించుకుని, "మీతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

"ఎలక్ట్రీషియన్ చెప్పాడులే" అన్నాడు.

"ఏం చెప్పాడు?"

"యంత్రం బాగుందన్నాడు. నువ్వేమో వంగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నావు. యంత్రం బాగుంటే బాగోలేనిది ఇంకెవరికి? నువ్వే చెబుతావని చూస్తున్నాను."

ఇన్నాళ్ళూ ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం దిగులు పడ్డాం. కలిసి పడి ఉంటే సగం తగ్గేది.

డాక్టరమ్మ నా మెదడు స్కాన్ చూపించింది. బన్ను మీద నువ్వులు చల్లినట్టు అక్కడక్కడా తెల్ల మచ్చలు. కొన్ని పాతవట. అంటే నేను నవ్వుతూ కేకులు అమ్ముతున్న రోజుల్లోనే లోపల ఇది మొదలైందన్నమాట. నువ్వు ల్యాబ్‌లో చూసే జబ్బే. "మా చెల్లి దీని మీదే పరిశోధన చేస్తోంది" అంటే, "అయితే మీకు చాలా తెలిసుండాలే" అంది. నాకు తెలిసింది దోసిలి ఒక్కటే అన్నాను. ఆమె నవ్వింది, నాకు ఏడుపొచ్చింది.

ఒకటి అడుగుతాను. ఆ కణాలు నీలో ఎక్కువున్నాయన్నావు. జబ్బేమో నాకొచ్చింది. చిన్నప్పుడు అమ్మ మనిద్దరి పేర్లు తారుమారు చేసి, ఒకరికి వేయాల్సిన దెబ్బ ఇంకొకరికి వేసేది. ఇదీ అలాగే తప్పు మనిషికి తగిలిందా? ఇది నీకు రావాల్సిందా? కోపంతో అడగడం లేదు. ఇలా అడిగినందుకు రేపు సిగ్గుపడతానేమో, అయినా కొట్టేయడం లేదు.

డాక్టరమ్మ అడిగితే నీ ల్యాబ్‌కు పంపడానికి నెత్తురిచ్చాను. మోచేతి నరం చూసి ఇక్కడి నర్సు కూడా మెచ్చుకుంది. నీ మాట నిజమే.

అక్క


ల్యాబ్,
జూలై

అక్కా,

ఆసుపత్రిలో నిన్ను చూసి వచ్చినప్పటినుంచి రాద్దామని కూర్చుని, మొదలుపెట్టి చించేసి, మళ్ళీ కూర్చున్నాను.

నీ నెత్తురు పరీక్ష నేనే చేశాను. నీలో మేలుకున్న కణాలు నాలోకన్నా తక్కువ. బాగా తక్కువ. ఆ పలక పట్టుకుని మా పెద్దాయన గదిలోకి వెళ్ళాను. ఈ ల్యాబ్ ఆయనదే. జుట్టంతా ఈ కణాలతోనే నెరిసింది.

"సార్, జబ్బున్న మనిషిలో తక్కువ, లేని మనిషిలో ఎక్కువ. నా పని తప్పయినా అయుండాలి, మన ఆలోచన తప్పయినా అయుండాలి" అన్నాను.

"కూర్చో" అన్నాడు. "ఆ కణాలు నాలోనూ ఉన్నాయి. దాదాపు అందరిలోనూ ఉంటాయి."

ఆయన చెప్పింది నాకు తెలిసినదే. కానీ పుస్తకంలో తెలియడం వేరు. టీ కణాలకు రొమ్ము ఎముక వెనకున్న గ్రంథిలో ఒక పరీక్ష జరుగుతుంది. సొంత ఒంటి ముక్కను గట్టిగా పట్టుకున్న కణాన్ని ఒళ్ళు అక్కడే చంపేస్తుంది. వదులుగా పట్టుకున్నది తప్పించుకుని బయటికొస్తుంది. మైలిన్ ముక్కను వదులుగా పట్టుకునేవి అలా అందరి ఒంట్లోనూ తిరుగుతుంటాయి, ఏ గొడవా చేయకుండా. ఏదో ఒకనాడు ఒక వైరస్ వస్తుంది. దాని ముక్క ఒకటి మైలిన్ ముక్కను పోలి ఉంటుంది. కణం దాన్ని తడిమి రెచ్చిపోతుంది. ఆ ఊపులో మెదడులోకి దాటిపోయి, అక్కడ అసలు మైలిన్ ముక్కను చూసి, మళ్ళీ అదే శత్రువనుకుంటుంది. కరిస్తే గుర్తుపట్టడం ఎలా అవుతుందని అడిగావు కదా. అది గుర్తుపడుతోంది నిజమే అక్కా, కానీ ఇంకొకరిని చూసి నేర్చుకున్న గుర్తు. ఇలా జరుగుతుందని చాలామంది నమ్ముతారు. నీలో జరిగింది ఇదేనా అంటే చెప్పలేను.

"మరి ఆమెలో తక్కువెందుకున్నాయి?" అని అడిగాను.

"నువ్వు చూసింది నెత్తురు. రెచ్చిపోయినవి మెదడులోకి వెళ్ళిపోయి ఉండొచ్చు. ఇంట్లో మిగిలినవాళ్ళను లెక్కపెట్టి, బయటికెళ్ళినవాళ్ళ సంగతి ఎలా చెబుతావు?"

"ఇద్దరం ఒకేలా పుట్టాం కదా సార్."

"దోసిలి ఇద్దరికీ ఒకటే. టీ కణాల చేతులు మాత్రం ఎవరి ఒంట్లో వాళ్ళకు కొత్తగా, ఎలా పడితే అలా తయారవుతాయి. అక్కడ కవలలు లేరు."

"అయితే ఆమెకే ఎందుకు?"

ఆయన పలక నా చేతికి తిరిగిచ్చాడు. "తెలియదమ్మా" అన్నాడు. ఆ మాట వినడానికా ఇన్నేళ్ళు చదివాను?

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు ఇంతే. నాకు రావాల్సింది నీకు రాలేదు. నీకు రావాల్సిందీ కాదు. వచ్చింది, అంతే.

ఇంకో రెండు సంగతులు. డాక్టరమ్మ చెప్పిన మందు మొదలుపెట్టు. అది కణాలు నెత్తుట్లోంచి మెదడులోకి దాటకుండా దారి మూస్తుంది. ప్రమాదాలు లేవనను, పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉంటారు. రెండోది, కవల కాబట్టి నన్నూ స్కాన్ తీయించుకోమంటున్నారు. ఏ బాధా లేకుండానే మచ్చలు కనిపిస్తే ఏం చేయాలో వాళ్ళకే సరిగ్గా తెలియదు. తీయించుకోనా, వద్దా?

చెల్లి


బేకరీ మేడ మీద గది,
సెప్టెంబర్

చెల్లెమ్మా,

ఆలస్యానికి కారణం ఉంది. "దారి మూస్తుంది, ప్రమాదాలు లేవనను" అని నువ్వు రాసిన వాక్యం పట్టుకుని నెల గడిపాను. కళ్ళు బాగానే ఉన్నాయి కదా, టమోటాలు ఎర్రబడ్డాయి కదా, మందెందుకు అనుకున్నాను. డాక్టరమ్మ ఫోన్ చేస్తే మీ బావతో లేనని చెప్పించాను.

తర్వాత ఒక పొద్దున వేడి బ్రెడ్డు ట్రే పట్టుకుని వస్తుంటే ఎడమకాలు నా మాట వినలేదు. నొప్పి లేదు, ఏమీ లేదు, అది నాది కానట్టు వెనకే ఉండిపోయింది. ట్రేతో సహా పడ్డాను. బన్నులు తీసుకుందామని వచ్చిన టీచరమ్మ నన్ను లేపబోయి, ముందు బ్రెడ్డు ఏరింది. అలవాటైన శుభ్రం. ఆమెను చూసి నేనూ మీ బావా కింద కూర్చునే నవ్వాం. నవ్వి నవ్వి ఆయన ఏడ్చాడు.

మళ్ళీ స్టెరాయిడ్లు. కాలు చాలావరకు తిరిగొచ్చింది, మొత్తం రాలేదు. అలిసిపోతే ఈడుస్తున్నాను. దారి మూసే మందు మొదలుపెట్టారు, నెలకోసారి వెళ్ళి సూది చేతికి పెట్టించుకుని కూర్చుంటాను. పొయ్యి మీ బావ చూస్తున్నాడు, నేను కౌంటర్ దగ్గర ఫ్యాను కింద. ఆయన చేసే బ్రెడ్డు ఒకవైపు మాడుతుంది. కొనేవాళ్ళు మొహమాటానికి "బాగా కాలిందండీ" అంటారు.

నీ స్కాన్ సంగతి. "వద్దు" అని రాసి కొట్టేశాను. "తీయించుకో" అని రాసి అదీ కొట్టేశాను. మచ్చలుంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఇద్దరం ఒక పడవలో ఉంటామని. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. నన్ను అడగకు. నా జవాబు నేనే నమ్మను.

అక్క


నా గది,
నవంబర్

అక్కా,

తీయించుకున్నాను. ఏమీ లేదు. ఒక్క మచ్చ కూడా లేదు. స్కాన్ చూసినాయన కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపాడు.

వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. సంతోషపడాలని తెలుసు. ఎదురుగా ఉన్న అద్దం తలుపులో నువ్వు కనిపించావు, బాగున్నప్పటి నువ్వు. నీ చెయ్యి వదిలేసి ఒడ్డుకొచ్చినట్టనిపించింది. ఈ కబురు నీకు ఎలా రాయాలో తెలియక ఇన్ని రోజులు నాన్చాను. ఆరోగ్యవంతుల వరసలో నా నెత్తురును ఉంచాలా, తీసేయాలా అని పెద్దాయన అడిగితే, ఉంచమన్నాను. ఇక్కడ చాలామందికి ఆ వరసలో ఉండటం పెద్ద విషయం కాదు. నాకు మాత్రం దొంగతనంగా కూర్చున్నట్టుంది.

తిట్టాలనిపిస్తే తిట్టు.

చెల్లి


బేకరీ వెనక గది,
డిసెంబర్

ఒసే పిచ్చిదానా,

నీ ఉత్తరం చదివి మీ బావకు అరిచి చెప్పాను. ఆయన పొయ్యి దగ్గరి నుంచి పిండి చేతులతో పరిగెత్తుకొచ్చాడు, ఆ రోజు బ్రెడ్డు రెండువైపులా మాడింది. మచ్చలుంటే బాగుండునని అనుకున్నదాన్ని, లేవని తెలిసి ఎంత ఏడ్చానో. మనిషి మనసు నీ టీ కణంకన్నా గందరగోళంగా ఉంది, దాని మీద కూడా ఒక ల్యాబ్ పెట్టండి.

నువ్వు బాగుండటం నాకు చేసిన ద్రోహం కాదు. నా జబ్బు నీ వాటా కాదు. ఇది అర్థం చేసుకోవడానికి నాకు ఇంత కాలం పట్టింది, నువ్వూ తీరిగ్గానే అర్థం చేసుకో. నాకే ఎందుకొచ్చిందని అడగడం మానలేదు. జవాబు కోసం కౌంటర్ మూసేసి కూర్చోవడం మాత్రం మానేశాను.

మొన్న దుకాణం అద్దంలో నా నడక చూసుకున్నాను. కర్ర పట్టుకోలేదు, పడలేదు. కానీ ఎవరో కొత్తమనిషి వస్తున్నట్టుంది. జబ్బుకు ముందు ఎలా నడిచేదాన్నో గుర్తుకు తెచ్చుకుందామంటే రావడం లేదు. మీ బావను అడిగితే "నీలాగే నడిచేదానివి" అంటాడు. మనం నడిచేటప్పుడు మనల్ని మనం చూసుకోం కదా, ఎలా గుర్తుంటుంది? వెనక నుంచి చూస్తే మనిద్దరి నడకలో తేడా అమ్మకే తెలిసేది కాదు.

సెలవు దొరికితే రా. నాకేమీ తేవద్దు, ఆ దోసిళ్ళూ ముక్కలూ మళ్ళీ చెప్పనూ వద్దు. పొద్దున్నే వీధిలో జనం పలచగా ఉన్నప్పుడు, బేకరీ గుమ్మం నుంచి ఆ చివరిదాకా నువ్వొక్కదానివే నడువు. వెనక్కి తిరిగి చూడకు. నేను కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తాను.

అక్క